చెరిపేకొద్దీ నిండే డిస్కు

పోయిన వారం మన డిస్కమ్మను సర్వరు గదిలో నేలమీద చతికిలబడి, తెరమీది ఒక అంకె వంక గుడ్లప్పగించి చూస్తుండగా వదిలేసి వచ్చాం. వారం పాటు ఆ పిల్లను అలా కూర్చోబెట్టినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు. కథలో మాత్రం ఆమె ఇంకా కనురెప్ప కూడా వాల్చలేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. ఇది చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చోటు. ఇల్లే ఆఫీసు, ఆఫీసే ఇల్లు. ముందు గదుల్లో పని, వెనక గదుల్లో కాపురం, మధ్యలో గోడలకు దళసరి గుడ్డ బిగించిన రికార్డింగ్ గది. యజమాని మామగారు. చదివినదాన్ని పుస్తకం ఎదురుగా పెట్టుకుని విని, తప్పులు పట్టేది అత్తగారు. చదివినవాళ్ళ దగ్గులూ, గుటకలూ, కుర్చీ కిర్రుమన్న చప్పుళ్ళూ కత్తిరించేది వాళ్ళమ్మాయి, అందుకే ఆమెను అందరూ కత్తెర అంటారు. ఆ రికార్డులన్నీ దాచే పెద్ద కంప్యూటరును, అంటే సర్వరును, చూసుకునేది ఇంటికోడలు. ఆవిడకు డిస్కమ్మ అన్న బిరుదు ఇచ్చింది ఆడపడుచు కత్తెరే. కోడలి భర్త బళ్ళో లెక్కలు చెబుతాడు, పొద్దున్నే వెళ్ళిపోతాడు, ఈ వారం అతనితో మనకు పనిలేదు.

చిక్కంతా స్నాప్‌షాట్లతో వచ్చింది. రోజూ సాయంత్రం పని ముగిశాక సర్వరు తనంతట తానే డిస్కుకు ఒక స్నాప్‌షాట్ తీసుకుంటుంది. తీసుకుంటుందన్నాం కదా అని డిస్కులో ఉన్నదంతా ఇంకోచోట ఎత్తిరాసుకోదు. ఇప్పుడున్నది ఉన్నట్టు నేను కాపాడతాను, ఇకమీదట ఎవరైనా దేన్నైనా చెరిపినా, దానిమీద కొత్తది రాసినా, ఆ పాతదాన్ని పారేయకుండా నేను పట్టుకుని ఉంటాను అని పూచీ పడుతుంది, అంతే. ఎవరూ ఏమీ చెరపకపోతే ఆ స్నాప్‌షాట్‌కు బరువే ఉండదు. పాతబడ్డాక తీసేయమంటే చిటికెలో తీసి పక్కన పడేయాలి. మొన్న మొన్నటి దాకా అలాగే జరిగేది. ఈమధ్యనే ఏమొచ్చిందో, తీసేయమంటే చాలు సర్వరు నత్తతో పందెం కాసినట్టు నడుస్తోంది. పాతవి పోక, కొత్తవాటికి చోటు లేక, రికార్డింగ్ మధ్యలో డిస్కు నిండిపోయి పని ఆగిపోయింది. అదీ రెండుసార్లు.

మామగారు కేకలు వేసే మనిషి కాదు. వేస్తే కోడలికి కొంత సుఖంగా ఉండేది, తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది. ఆయన నెమ్మదిగా, ఎందుకిలా అవుతోందో కారణం చెప్పమ్మా, గది నీదే, చెప్పలేకపోతే మాత్రం వచ్చే సోమవారం నుంచి బయటి కంపెనీ వాళ్ళకు అప్పగిద్దాం, నీకూ బరువు తగ్గుతుంది అన్నారు. గడువు ఇవాళే. పెద్ద పుస్తకం తాలూకు చివరి అధ్యాయాలు చదవడానికి, ఇక్కడ ఎప్పుడూ పుస్తకాలు చదివే బాబాయిగారు వస్తున్నారు. ఆయన వచ్చేలోగా డిస్కులో చోటు కావాలి, దాంతోపాటు కారణమూ కావాలి.

బరువు తగ్గుతుందన్న మాటకే కోడలికి ఎక్కువ బాధ కలిగింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు అదొక సామాన్ల గది. విరిగిన కుర్చీలు బయట వేయించి, గోడకు రంధ్రం కొట్టించి, చల్లగాలి యంత్రం పెట్టించి, ఒక్కొక్క భాగం కొని తెచ్చి, సర్వరును తన చేతుల్తో బిగించుకుంది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఆమెకు ప్రాణం చివుక్కుమంటుంది. ఆ గది తాళంచెవి ఎప్పుడూ ఆమె మెడలో ఒక తాడుకు ఉంటుంది. ఇంట్లో అన్నీ అందరివే, ఈ గది ఒక్కటే తనది.

పోయిన వారం కథలో ఆమె డిస్కు ఆరోగ్యం పరీక్ష చేయించింది, బాగుంది. తీగలు మార్చింది, తేడా లేదు. అన్నీ అయ్యాక, ముందే చేయాల్సిన పని చివర్లో చేసింది. ఒక్కో స్నాప్‌షాట్ ఎంత బరువు మోస్తోందో చూపించమని అడిగింది. తెరమీద కనబడ్డ అంకె అదే. ఖాళీగా ఉండాల్సినవి ఒక్కోటీ కడుపులు ఉబ్బి కూర్చున్నాయి. అంటే ఇంట్లో ఎవరో రోజూ ఏదో చెరుపుతున్నారు.

ఇది మామూలు ఆఫీసైతే అందులో వింతేమీ లేదు. కానీ ఈ ఇంట్లో చెరపడమన్నది లేదు. అది మామగారు పెట్టిన మొదటి నియమం. తప్పు చదివితే మళ్ళీ చదవండి, కొత్త ఫైలు చేయండి, పాతదాని జోలికి మాత్రం వెళ్ళొద్దు అంటారాయన. కత్తిరింపులు కూడా పాతది పాతగా ఉంచి, పక్కన కొత్తదానిలోనే చేయాలి.

అయినా చేతిలో కత్తెర ఉన్నది ఒక్కరికే కాబట్టి, కోడలు లేచి చీర దులుపుకుని నేరుగా ఆడపడుచు గదికి వెళ్ళింది.

ఆ వెళ్ళడంలో కొంచెం పాత కసి కూడా ఉందని నా అనుమానం. డిస్కమ్మ అన్న బిరుదుకి ఇంతవరకు సరైన బదులు ఇవ్వలేదు మరి. కత్తెర హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరిదో తుమ్ము తీసేసే పనిలో ఉంది. వదిన వచ్చి ఎదురుగా నిలబడి, ఈమధ్య ఏమేం చెరిపావో ఉన్నదున్నట్టు చెప్పమంది.

ఆడపడుచు హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది. ముందు నవ్వింది. వదిన నవ్వకపోవడం చూసి మొహం ముడుచుకుంది. నీ సర్వరు కదలకపోతే దానికి నేనా దొరికాను అంది. మా నాన్న కంపెనీలో నాన్న నియమం నేనే తప్పుతానా అంది. మాట మీద మాట పెరిగి, పోయినేడాది ఎవరి చార్జరు ఎవరు పట్టుకెళ్ళారన్న దాకా వెళ్ళింది. అక్కడికి వచ్చేసరికి ఇద్దరికీ అసలు సంగతి పక్కదారి పట్టిందని అర్థమైంది.

"సరే వదినా, నీ మాటే నిజమనుకుందాం," అంది కత్తెర. "చెరిపినదాన్ని ఆ స్నాప్‌షాట్ పట్టుకుని ఉంటుందన్నావుగా. అయితే ఏం పట్టుకుందో తెరిచి చూడొచ్చు కదా. నన్ను తిట్టేముందు ఆ పని చేసుండాల్సింది."

కోడలికి ఆ మాట సూటిగా తగిలింది. తగలడమే కాదు, నచ్చింది కూడా. ఆడపడుచు పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, ఒక స్నాప్‌షాట్‌ను చదవడానికి మాత్రమే వీలుగా తెరిచి, దాన్ని ఇప్పటి డిస్కుతో పోల్చి, చెరిగినవేవో చూపించమంది. తేడా ఉన్నవి బోలెడు ఉంటాయనుకున్నారు. ఒక్కటే ఉంది. ఇంకో స్నాప్‌షాట్ తెరిచారు. అందులోనూ అదే ఒక్కటి. దాని పేరు మైకు పరీక్ష.

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంటి నియమానికి ఉన్న ఒకే ఒక్క మినహాయింపు అది. రోజూ పని మొదలుపెట్టేముందు ఎవరో ఒకరు మైకు ముందు నిలబడి ఒకటి, రెండు, మూడు అంటారు. ఆ రికార్డు నిన్నటి రికార్డు మీదే పడుతుంది. ఒకటి రెండు మూళ్ళను దాచుకోవాల్సిన అవసరం మామగారికి కూడా కనబడలేదు. అయితే అది నాలుగు మాటల ఫైలు. స్నాప్‌షాట్‌లో ఉన్నది చూస్తే, సగం పుస్తకం పట్టేంత బరువు.

"ఎనిమిది మైకులూ తెరిచి రికార్డు చేశారు," అంది కత్తెర, తెరమీద వరసగా ఎనిమిది గీతలు చూసి. "చదివే మనిషి ఒక్కరే. మిగతా ఏడూ ఖాళీ గదిని వింటూ కూర్చున్నాయి. ఏ మైకు ఎలా తెరవాలో తెలియనివాళ్ళు ఆ పెద్ద మీట నొక్కేసి ఉంటారు."

కోడలికి సగం జవాబు అక్కడే దొరికింది. ఎనిమిది మైకుల రొద ఒకేసారి డిస్కులోకి పోవాలంటే ముక్కలు ముక్కలుగా, దొరికిన చోటల్లా ఇరుక్కుంటూ పోతుంది. మర్నాడు దానిమీద ఇంకోటి పడుతుంది. పాతదాన్ని స్నాప్‌షాట్ వదలదు. దాన్ని తీసేయమన్నప్పుడు సర్వరు ఆ ముక్కలన్నింటినీ డిస్కు నలుమూలలా వెతికి ఒక్కొక్కటే విడిపించాలి. పాపం దాని తప్పేమీ లేదు. ఇన్నాళ్ళూ దాన్ని నానా మాటలూ అన్నందుకు కోడలు మనసులోనే చెంపలు వేసుకుంది.

కత్తెర హెడ్‌ఫోన్స్ పక్కనపెట్టి, ఫైలును బయటికే వినిపించింది.

ఆడగొంతు. నెమ్మదిగా, బెరుకుగా, ఒక్కో మాటనూ పొలం గట్టు మీద అడుగు పెట్టినట్టు పెడుతూ చదువుతోంది. బాబాయిగారు ఇవాళ చదవాల్సిన పుస్తకమే అది. రెండు వాక్యాలు గడిచేసరికి కత్తెర చెయ్యి ఆగిపోయింది. మూడో వాక్యానికి కోడలు కూడా పోల్చుకుంది. పొద్దున్నే లేవండర్రా అనే గొంతు, ఉప్పు ఎక్కువైందని ఎవరూ అనకముందే తనే అనేసే గొంతు.

"అమ్మ," అంది కత్తెర.

ఇద్దరూ చాలాసేపు విన్నారు. ఒక స్నాప్‌షాట్ తర్వాత ఇంకోటి తెరుస్తూ వినేకొద్దీ గొంతులో బెరుకు తగ్గిపోయి, చివరివాటికి వచ్చేసరికి చదువు హాయిగా సాగిపోతోంది. తమకు తెలియకుండా ఇంట్లో ఒక మనిషి ఇంత బాగా చదవడం నేర్చుకుందని ఇద్దరికీ ఒళ్ళు పులకరించింది. కోడలైతే కారణం సంగతి, గడువు సంగతి మరిచిపోయి బుగ్గన చెయ్యి పెట్టుకుని వినసాగింది.

కత్తెర మాత్రం చెవులతో పాటు కళ్ళతో కూడా వినే మనిషి. తెరమీది గొంతు గీతను చూస్తూ చూస్తూ భృకుటి ముడిచింది. ప్రతి వాక్యం తర్వాతా అత్తగారు ఆగుతున్నారు. ఊపిరి కోసం ఆగినట్టు కాదు. వాక్యం ఎంత పొడవుందో అంత పొడవున ఆగుతున్నారు. చిన్న వాక్యానికి చిన్న ఖాళీ, పెద్ద వాక్యానికి పెద్ద ఖాళీ.

"ఇలా ఎవరూ చదువుకోరు వదినా. అమ్మ ఎవరికో చెబుతోంది. విని అప్పజెప్పడానికి వీలుగా వదులుతోంది ఆ ఖాళీలు."

అని, తనకే ఏదో తట్టినట్టు, బాబాయిగారి ఈమధ్య రికార్డింగుల్లో కత్తిరించకముందటి ఫైలు ఒకటి తెరిచింది. చెరపకూడదన్న నియమం వల్ల అదీ ఉంది. ఆయన రికార్డింగుల్లో వాక్యానికీ వాక్యానికీ మధ్య పొడుగాటి ఖాళీలు వస్తున్నాయనీ, పెద్దతనం కదా, అలుపొస్తోందేమో అనుకుని రోజూ తానే వాటిని కత్తిరిస్తున్నాననీ చెప్పింది. ఆ గీతను తెచ్చి తల్లి గొంతు గీత కింద పెట్టింది. ఆవిడ ఆగినచోట ఆయన మొదలయ్యారు. ఆయన ఆగినచోట ఆవిడ మొదలయ్యారు. పైనుంచి కిందికి ఎక్కడా తప్పలేదు.

ఇక ఈ బాబాయిగారి గురించి చెప్పాలి. మామగారి చిన్ననాటి స్నేహితుడు, ఒకప్పుడు రైల్వే స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పిన గొంతు. ఊళ్ళో సగంమంది ఆయన మొహం ఎరగరు గానీ ఆయన నోరు తెరిస్తే సంచీ సర్దుకుని లేచి నిలబడతారు. ఉద్యోగం అయిపోయాక ఇక్కడ చదవడం మొదలుపెట్టారు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నారు. వారంలో ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకునేది ఈ ఇంటికి వచ్చే రోజుల్లోనే.

కత్తెరను అక్కడే ఉండమని, కోడలు అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

అత్తగారు కిటికీ పక్కన తన కుర్చీలో, ఒళ్ళో పుస్తకం, చెవిన హెడ్‌ఫోన్స్, చేతిలో ఎర్ర పెన్సిలుతో ఉన్నారు. కోడలి మొహం చూడగానే పెన్సిలు పక్కన పెట్టారు. కోడలు ఎలా మొదలుపెట్టాలో తెలియక, అత్తయ్యా, మైకు పరీక్ష అని మాత్రం అంది.

ఆవిడ మొహం ఎర్రబడింది. దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లలా కొంగు సర్దుకున్నారు. ఆ తర్వాత కిటికీలోంచి వీధివైపు చూసి, ఎవరూ రావడంలేదని తేల్చుకుని, గొంతు తగ్గించి చెప్పారు.

బాబాయిగారికి చూపు పోతోంది. పూర్తిగా కాదు. చుట్టూ ఉన్నది కనబడుతుంది, సరిగ్గా దేనిమీద చూపు పెడితే అదే మాయమైపోతుంది. తలుపు కనబడుతుంది, గడియ కనబడదు. కాగితం కనబడుతుంది, అక్షరం కనబడదు. ఈ సంగతి మొదట పట్టింది అత్తగారే. ఎన్నడూ తప్పు చదవని మనిషి మాటల మధ్య అక్షరాలు ఎగరగొట్టడం మొదలుపెట్టేసరికి, ఎర్ర పెన్సిలు పట్టుకుని ఆవిడ దిగులుపడ్డారు. ఆయన్ను పక్కకు పిలిచి అడిగితే దాచలేక చెప్పేశారు. అప్పటినుంచీ అందరూ మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నప్పుడు, నాకు తర్వాత అని చెప్పి, ఆవిడ రికార్డింగ్ గదిలోకి వెళ్ళి ఆయన వచ్చేలోగా ఆ రోజు అధ్యాయాలు చదివి ఉంచుతున్నారు. ఆయన చెవిలో అది మోగుతుంటే, పుస్తకం ఎదురుగా పట్టుకుని, వెనకాలే ఆయన చదువుతారు. ఆయనకు అందులో కష్టమేమీ లేదట. స్టేషన్లో ఒక చెవిన ఫోను పెట్టుకుని విన్నది విన్నట్టు మైకులో చెప్పడమే కదా ఆయన చేసిన ఉద్యోగం.

"మామయ్యగారితో చెప్పొచ్చు కదత్తయ్యా? ఆయనేమీ అనరు."

"అనరనే నా భయం," అన్నారు, బాబాయిగారిని అన్నయ్యగారని పిలిచే అత్తగారు. "మీ మామయ్య మనసు వెన్న. వినగానే, ఒరేయ్ ఇన్నాళ్ళు చదివావు, ఇంక విశ్రాంతి తీసుకోరా అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ ఒక్క మాటతో అన్నయ్యగారు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఆయనకు ఇంకేం ఉందమ్మా?"

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు, అది విని కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తన గొంతు ఎక్కడా మిగిలిపోయి సర్వరుకు భారం కాకూడదని, కోడలికి చోటు తక్కువవుతోందని తెలిసి, జాగ్రత్తగా ప్రతిరోజూ నిన్నటిదాని మీదే రికార్డు చేశారట. ఒక్కనాడు కూడా కొత్త ఫైలు చేయలేదట. విడివిడిగా పెట్టి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదని, చెరిపిన ప్రతిసారీ స్నాప్‌షాట్‌లో ఒకటి దాగిందని కోడలు చెబితే, ఆవిడ నోటిమీద చెయ్యి వేసుకున్నారు.

"అయితే నీ గది మీదికి ఇదంతా తెచ్చింది నేనా?"

అత్తగారు కాసేపు పుస్తకం అంచు నిమిరారు. తర్వాత తలెత్తి, నీకు ఆ గది ఎంతో నాకు తెలుసు, కారణం అడిగితే చెప్పేయమ్మా, నా గురించీ అన్నయ్యగారి గురించీ చూడొద్దు, నేను నిన్ను తప్పు పట్టను అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. అదే కోడలికి మరీ కష్టమైంది.

బాబాయిగారు రావడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. ముందు చోటు సంగతి చూడాలి కదా. ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, పని మీద పడింది. పొద్దున కంగారులో పాత స్నాప్‌షాట్లన్నిటినీ ఒకేసారి తీసేయమని చెప్పింది. సినిమా వదిలినప్పుడు ఒకటే గేటు తెరిస్తే ఎలా ఉంటుందో డిస్కులో అలాగే ఉంది, అన్నీ తోసుకుంటున్నాయి, ఒక్కటీ కదలడంలేదు. ఆ వరసను ఆపించింది. వెనకాల అదే డిస్కును చదువుతూ నకళ్ళు తీసుకుంటున్న పనిని కూడా కాసేపు ఊరుకోమంది. అప్పుడు అన్నిటికంటే పాతదాన్ని ఒక్కదాన్నే తీసేయమంది. నత్త కాస్తా నడిచే మనిషయింది. అది పోయాక దాని తర్వాతది. కత్తెర తలుపు సందులోంచి తొంగిచూసి, అమ్మ గొంతు మొత్తం పోతుందా వదినా అని అడిగింది. అన్నిటికంటే బాగా చదివినది ఒకటి పట్టుకుని మిగతావి వదులుతున్నానని చెప్పింది కోడలు. ఖాళీ చోటు చూపించే అంకె మెల్లగా, కానీ ఆగకుండా పెరుగుతోంది. ఎన్నాళ్ళనుంచో ఆ అంకె అటువైపు కదలడం ఆమె చూడలేదు. కడుపు నిండా భోంచేసినంత హాయిగా అనిపించింది. సంగతి ఇదీ అని తెలిసి చేసే పనిలో ఉండే సుఖం అది. మామగారు తలుపు తట్టేదాకా ఆ సుఖంలోనే ఉండిపోయింది.

మామగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తెర చూశారు. కోడలితో ఆయన చూపించిన సంతోషం నటన కాదు. భేష్ అన్నారు. ఇంక రికార్డింగ్ ఆగదు కదా అంటే, ఆగదని చెప్పింది. ఆయన కోడలిని ముందుగదిలోకి తీసుకొచ్చారు, వెనకాలే కత్తెరా, ఆమె వెనకాల అత్తగారూ వచ్చి నిలబడ్డారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అయితే కారణం దొరికిందన్నమాట. ఏమిటమ్మా అది?"

"దొరికింది మామయ్యగారూ."

"చెప్పు మరి."

"చెప్పలేను."

ఆయన ముందు పరాచికం అనుకున్నారు. కోడలి మొహం చూశాక కాదని తెలిసింది. తెలియదా అని అడిగారు. తెలుసంది. ఎవరిదైనా తప్పా అని అడిగారు. ఎవరి తప్పూ కాదంది. మళ్ళీ జరుగుతుందా అంటే, జరగకుండా తను చూసుకుంటానంది. ఇంతకుమించి ఒక్క ముక్క కూడా తన నోటినుంచి రాదని, దానికి ఆయన ఏం చేసినా తనకు సమ్మతమేనని నెమ్మదిగానే చెప్పింది.

మామగారు అన్యాయం చేసే మనిషి కాదు. చెప్పలేని కారణం రేపు మళ్ళీ వస్తే ఏ మొహం పెట్టుకుని పుస్తకాలు పంపేవాళ్ళకు జవాబు చెప్పాలి, అందరి పనీ ఆ గదిలో ఉన్నప్పుడు అందులో ఏం జరుగుతోందో ఒక్కరికే తెలిసి ఉండటం సరికాదు కదా అన్నారు. అందులో కోడలికి కూడా తప్పు కనబడలేదు. ఆయన చెయ్యి చాపారు. చాపడానికి ఆయనకూ కష్టంగానే ఉంది.

కోడలు మెడలోంచి తాడు తీసి, తాళంచెవిని ఆయన అరచేతిలో పెట్టింది. మెడ ఒక్కసారిగా బోసిపోయినట్టు అనిపించి, చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్ళింది. కత్తెర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆ తాళంచెవి అమ్మాయిది. ఇచ్చేయండి," అన్నారు అత్తగారు.

అందరూ అటు తిరిగారు. ఆవిడ చేతిలో ఇంకా ఎర్ర పెన్సిలు ఉంది.

"చెరిపింది నేను. రోజూ మైకు పరీక్షలో చాలాసేపు రికార్డు చేసి, మర్నాడు దానిమీదే మళ్ళీ చేశాను. అది సర్వరుకు అడ్డమని నాకు తెలియదు. నేను సిగ్గుపడతానని అమ్మాయి చెప్పలేదు."

"నువ్వు రికార్డు చేశావా? ఏమిటీ?"

అత్తగారు ఒక్క క్షణం ఆగారు. కోడలికీ, కత్తెరకూ ఆ క్షణం ఎందుకో తెలుసు. మామగారికి తెలియదు.

"పుస్తకం చదివాను. ఈ వయసులో నాకు చదవాలని సరదా పుట్టింది, అంతే. ఇంకేం లేదు."

అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు. మొహమంతా ఎర్రబడింది, పెన్సిలు చేతిలో అటూ ఇటూ తిరిగింది. అదృష్టమో దురదృష్టమో, మామగారు దాన్ని సిగ్గనుకున్నారు. ఆయన మొహం చూడాల్సింది. కళ్ళజోడు నుదుటి మీదినుంచి జారి ముక్కు మీద పడితే కూడా సర్దుకోలేదు. లేచి వెళ్ళి ముందు కోడలి చేతిలో తాళంచెవి పెట్టి, రెండో చేత్తో దాన్ని మూసి, నన్ను క్షమించమ్మా అన్నారు. తర్వాత భార్యవైపు తిరిగారు.

"మనం ఈ పని మొదలుపెట్టినప్పుడు మొదటి పుస్తకం నువ్వే చదవాలని ఎంత బతిమాలాను. నా వల్ల కాదు, నలుగురు వింటే నవ్వుతారు అన్నావు. గుర్తుందా? ఇన్నాళ్ళకు నీకే అనిపించిందా?"

ఆవిడ తలవంచుకున్నారు. గదిలో ఉన్న నలుగురిలో అంత సంతోషంగా ఉన్నది ఆయన ఒక్కరే. ఆ సంతోషం చూస్తుంటే మిగతా ముగ్గురికీ కూడా నవ్వు వచ్చింది. గది తనదే అయిందన్న సంగతి కోడలికి నెమ్మదిగా బుర్రకెక్కింది. తాడు మళ్ళీ మెడలో వేసుకుంది. కత్తెర ముక్కు తుడుచుకుని, మా డిస్కమ్మ గెలిచింది అంటూ వదిన భుజం గిల్లింది. ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో. కానీ మామగారికి సంతోషం వస్తే వెంటనే ఏదో ఒక మంచిపని చేసేదాకా నిలవలేరు.

"ఇంకేం ఆలోచించొద్దు," అన్నారాయన. "ఇవాళ్టినుంచి ఈ పుస్తకం నువ్వే చదువు. వాడు కూడా ఈమధ్య బాగా అలిసిపోతున్నట్టున్నాడు, చదువులో ఎక్కడపడితే అక్కడ ఆగుతున్నాడు. ఇన్నాళ్ళు చదివాడు, ఇంక విశ్రాంతి తీసుకోమని నేనే నచ్చచెబుతాను."

అత్తగారి చేతిలోంచి పెన్సిలు జారి కిందపడింది.

ఈ ఇంట్లో చెప్పుల చప్పుడు మైకులో పడకూడదని అందరూ గుమ్మంలోనే విప్పి లోపలికి వస్తారు. ఇస్త్రీ చొక్కాతో, చంకలో పుస్తకంతో వచ్చి, గోడ పట్టుకుని వంగి ఒక చెప్పు విప్పిన బాబాయిగారు, లోపల అన్న ఆ మాట చెవిన పడి, రెండోది విప్పకుండా అలాగే ఆగిపోయారు.